ఒక నూలు తేడా

మా నాన్న హెన్రీ మిల్లీమీటర్లలో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయనకు అంగుళమంటే ఎనిమిది నూళ్లు, అంతే. లేత్ మిషను మీద తిరిగే ఇనుప ముక్కకైనా, క్రిస్మస్‌కి అమ్మ కోసే కేకు ముక్కకైనా అదే కొలత. "లూర్దూ, ఇంకో రెండు నూళ్లు పెద్దగ కొయ్యరాదు" అనేవాడు. జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలు ఉండేది. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా జేబుకు కూడా స్కేలు మూల పొడిచిన చిల్లు ఉండేది. ఆయన్ను సాగనంపిన రోజు ఆ చొక్కానే తొడిగాం.

జనగామ దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్లకు నాచారం వచ్చి, ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు టర్నర్‌గా పనిచేశాడు. అది మూతపడ్డాక పారిశ్రామికవాడ వెనక రేకుల షెడ్డులో సొంత లేత్ పెట్టుకున్నాడు. ఎవరు ఏ వస్తువు తెచ్చినా చేతకాదని చెప్పడం ఆయనకు రాదు. "ఇప్పి సూద్దాం" అనేవాడు.

2008లో నా డిగ్రీ స్నేహితురాలు హిమజ బోడుప్పల్ నుంచి ఒక పొడవాటి పెట్టె మోసుకుని ఆ షెడ్డుకు వచ్చింది. తను పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో ఆడేది. రైఫిల్ తనది కాదు, క్లబ్బులో ఒక సీనియర్ ఆ ఒక్క సీజనుకు అరువిచ్చినది. మూడు వారాల్లో రాష్ట్ర పోటీ. నలభై గుండ్లకు నాలుగు వందల పాయింట్లు, జాతీయ పోటీకి వెళ్లాలంటే మూడు వందల ఎనభై ఐదు రావాలి. హిమజకు మూడు వందల డెబ్బై తొమ్మిది దాటడం లేదు. సీజను అయ్యాక రైఫిల్ తిరిగి ఇచ్చేయాలి. మళ్లీ దొరుకుతుందన్న ఆశ లేదు.

"గుండు పోయేటప్పుడు రైఫిల్ తంతున్నది అంకుల్. చెంపకు తెలుస్తున్నది" అంది.

పక్క షెడ్డు వెల్డర్ బిక్షపతి అప్పటికే తలుపు దగ్గరికి వచ్చేశాడు. "ఏందన్నా, నాచారంల యుద్ధం మొదలువెట్టినవా?"

"నువ్వు జర వెల్డింగు సక్కగ జేసుకో, నీ గేట్లు ఊడిపోతున్నయంట" అని, నాన్న హిమజ వైపు తిరిగాడు. "దినాం ఒక్కతీరుగనే తంతదా బిడ్డా, ఒకపారి ఎక్కువ ఒకపారి తక్కువనా?"

హిమజ ఆలోచించింది. క్లబ్బులో ఎవరూ తనను ఆ మాట అడగలేదట. "ఒక్కతీరుగ లేదంకుల్."

"అయితె రెండు రోగాలున్నయి."

ముందు గాలి డబ్బా విప్పి పక్కన పెట్టించాడు. ఆ డబ్బాలోని ఒత్తిడిని గుండు గుండుకీ సమానంగా అందించే రెగ్యులేటర్ విప్పితే, లోపలి రబ్బరు రింగు ఎండిన చింతగింజలా గట్టిపడి ఉంది. అది మార్చాడు. మర్నాటి నుంచి రైఫిల్ ఒక్కతీరుగా తన్నడం మొదలుపెట్టింది. హిమజకు ఎనభై రెండు వచ్చింది.

రెండో రోగం సుత్తిది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగు చిన్న స్టీలు సుత్తిని ముందుకు తోస్తుంది, అది వెళ్లి వాల్వును కొడితే గాలి తెరుచుకుంటుంది. ఆ సుత్తి బరువెక్కువ, అది పోయి కొట్టిన అదురే చెంపకు తగులుతోందని నాన్న తేల్చాడు. కానీ అరువు వస్తువు కోయకూడదు. అందుకని అచ్చు అలాంటిదే, నాలుగు నూళ్ల పొడవుతో, కొత్తది చేసిపెట్టుకున్నాడు. కొంచెం కొంచెం తగ్గిస్తూ చూద్దామనుకున్నారు.

పోటీ ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం హిమజ రేంజి నుంచి ఫోన్ చేసింది. "అంకుల్, ఆ కొత్తదాన్ని ఒక నూలంత తగ్గించున్రి. సాయంత్రం వచ్చి బిగించుకుంట."

నాన్న తగ్గించాడు. సాయంత్రం ఆ ముక్క చేతిలో పెట్టగానే హిమజ ముఖం మారిపోయింది.

"గింత కోసిన్రేంది అంకుల్?"

"నువ్వే గదా ఒక నూలు అన్నవ్."

"నేనన్నది దారం! కుట్టే దారమంత!"

"దారమయితె దారమను. నూలంటె నూలే." జేబులోంచి స్కేలు తీసి చూపించాడు. "గిదిగో, అంగుళంల ఎనిమిదోవంతు. ముప్పై ఏండ్లసంది గిదే."

బిక్షపతి నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. "ఇగ బట్టల షాపుల నూలు చీరెలడిగితె కొలిచి ఇస్తడు మా అన్న."

అయినా బిగించి చూశారు. షెడ్డు చివర ఇసుక బస్తాకు అంటించిన అట్ట మీద గుండు బాగా కిందికి తగిలింది. హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాతదే వెట్టున్రి అంకుల్. వచ్చినన్ని వస్తయి."

"గుండు కింద వడ్డది, సరే. చెంపకు తగిలిందా?"

హిమజ మళ్లీ కొట్టింది. ఈసారి అట్ట వైపు చూడలేదు. "తగల్లేదు" అంది నెమ్మదిగా.

నాన్న స్టూలు మీద కూర్చుని పాత సుత్తినీ కొత్త సుత్తినీ పక్కపక్కన పెట్టి చూశాడు. సుత్తి పొట్టిదైతే వెనక స్ప్రింగుకు ఖాళీ దొరికి వదులవుతుంది. వదులైన స్ప్రింగు గట్టిగా తోయలేదు, అందుకే గాలి సరిపోవడం లేదు. "సుత్తి మంచిగనే ఉన్నది. దాని ఎన్క సందుంది, గంతే" అని లేచి, అల్యూమినియం కడ్డీ లేత్‌కి బిగించాడు. పావుగంటలో స్ప్రింగు వెనక పెట్టడానికి ఒక వాషర్ తయారైంది.

"ఎంత మందం అంకుల్?" అంది హిమజ అనుమానంగా.

"ఒక నూలు. నాది."

ఈసారి గుండు వెళ్లి చుక్కలో పడింది. హిమజ చెంప తడుముకుని ఇంకొకటి కొట్టింది. రెండో గుండు మొదటి చిల్లులోంచే దూరింది. బిక్షపతి చాయ్ చెప్పడానికి పరుగెత్తాడు.

ఆదివారం రేంజిలో నేను హిమజ వెనక కుర్చీలో కూర్చున్నాను. ముప్పై గుండ్లయ్యేసరికి పది పాయింట్లు పోయాయి. ఇంకో ఐదు మాత్రమే పోవచ్చు. తర్వాతి ఎనిమిది గుండ్లలో నాలుగు పోయాయి. ముప్పై తొమ్మిదోది నిండు పది. ఆఖరి గుండుకు రైఫిల్ ఎత్తి, మళ్లీ దించింది. చెంపను భుజానికి తుడుచుకుని, ఎత్తి, కొట్టింది. రైఫిల్ కదల్లేదు. పది.

వెంటనే నాన్నకు ఫోన్ చేశాను. అది చర్చిలో ఆదివారం పూజ మధ్య ప్రసంగం జరిగే సమయమని తెలుసు. అయినా ఆయన ఎత్తాడు. వెనక అమ్మ కసురుతున్న చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు, తర్వాత బయటి గాలి.

"ఎన్ని?"

"మూడు వందల ఎనభై ఆరు."

"కావల్సింది?"

"ఎనభై ఐదు."

"అయితె ఒక నూలు మిగిలింది" అన్నాడు.

హిమజ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏ నూలు అంకుల్? మీదా, మాదా?"

రైఫిల్ తిరిగి ఇచ్చేటప్పుడు హిమజ పాత సుత్తిని అందులో బిగించి, నాన్న చేసినదాన్ని తన దగ్గరే ఉంచుకుంది. ఐదేళ్ల తర్వాత, నాన్న పోయిన పదో రోజు, వాషర్‌తో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఆయన స్కేలు తీశాను. సుత్తి మూడు నూళ్లు, వాషర్ ఒకటి. వెంట్రుకంత తేడా కూడా లేదు.