తెలుక్ ఆన్సన్ నుంచి పినాంగుకు, పై డెక్కు మీద

1957 డిసెంబరు చివరి వారం, పొద్దున్న ఆరున్నర. రింగ్లెట్ బస్సు స్టాండులో నేను, మా ఆవిడ నర్సమ్మ, ఒక కుర్చీ నిలబడి ఉన్నాం. ముగ్గురిలో వణకనిది కుర్చీ ఒక్కటే.

మలాయాలో చలేమిటని పల్లంలో ఉండేవాళ్ళు నవ్వుతారు. ఒక్క డిసెంబరు కేమరన్ కొండల మీద గడిపి, ఆ తర్వాత నవ్వమనండి. ఈ నెలలో మబ్బు పిలవని చుట్టంలా ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆరేసిన చీర వారమైనా ఆరదు. నర్సమ్మ టీ తోటలో ఆకు కోస్తుంది. నాలుగేళ్ళ నుంచి వానలు పడితే చాలు, ఆమె మోకాళ్ళు తుప్పు పట్టిన బందుల్లా బిగుసుకుపోతున్నాయి. ఎస్టేటు ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు నూనె సీసా చేతిలో పెట్టి, "వేడి ఊరికి తీసుకుపో, సముద్రపు గాలి తగలనీ" అన్నాడు. అది దొరలకు చెప్పే మందు. అలవాటు కొద్దీ మాకూ చెప్పేశాడు. మేం నిజంగా వింటామని ఆయన అనుకోలేదు.

సముద్రం మాట వినగానే నర్సమ్మ పట్టుపట్టింది. దానికి కారణం ఉంది. ఏడేళ్ళ పిల్లగా అమ్మానాన్నలతో మద్రాసులో ఓడెక్కింది. వారం రోజులు ఓడ అడుగున, కిటికీ లేని చోట పడుకుంది. దించేటప్పుడు నిద్రలో ఉంటే ఎవరో చంకనేసుకుని దించారు. అక్కణ్ణించి రైలు, తర్వాత లారీ, ఆ తర్వాత ఈ కొండ. సముద్రం దాటి వచ్చిన మనిషి ఇప్పటిదాకా సముద్రం చూడలేదు.

"ఈసారి పైన కూకుంటాను మావా" అంది. "కుర్సీలో. అడుక్కి మాత్రం దిగను."

అందుకే కుర్చీ. నేను టీ ఫ్యాక్టరీలో పెట్టెలు కొట్టే వడ్రంగిని. ఎస్టేటు బడిలో మూడో క్లాసు దాకా చదివాను. నాలుగో క్లాసు నన్ను భరించలేనంది. పనికిరావని పక్కన పడేసిన టీ పెట్టెల చెక్కతో మడత కుర్చీ ఒకటి చేశాను. చూడ్డానికి పెట్టెలాగే ఉంది కాని, కూర్చుంటే కుర్చీయే.

మా లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, కుర్చీ చిన్న విషయం కాదు. ఎస్టేటు గుమాస్తాను మేం కిరాణి అంటాం. పెద్ద కిరాణి ఎదురైతే కూర్చున్నవాడు లేవాలి, సైకిలు మీదున్నవాడు దిగాలి, తలగుడ్డ చేతిలోకి రావాలి. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే చింపి పారేసేవాళ్ళం. ఆ ఏడాది ఆగస్టులో మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది, జెండా మారింది. మా మోకాళ్ళకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు.

మేం ఓడెక్కుతున్నామని తెలిసి లైన్లంతా నవ్వింది. "దొరగారూ దొరసానిగారూ ఎక్కడికో?" అని పక్కింటి సూరమ్మత్త గుమ్మంలో నిలబడి వంగి దండం పెట్టింది. "ఓడెక్కితే ఇండియాకెల్లాల గాని, ఊరికే తిరగడానికేటి?" అంది. "ఊరికే తిరగడానికే అత్తా" అన్నాను. ఫ్యాక్టరీలో యంత్రాలు విప్పి శుభ్రం చేసే వారం అది. అందరికీ సెలవే. ఆ సెలవును ఎలా పాడుచేసుకోవాలన్నది మా ఇష్టం.

ఏడింటికి బస్సు కదిలింది. ముందు ఒక సాయుధ బండి, వెనక ఒకటి, నడుమ కూరగాయల లారీలు, మా బస్సు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకు తిండి చేరకూడదని సర్కారు ఆజ్ఞ. బియ్యం దారిలోని తనిఖీ గేటు దాటకూడదు, వండిన అన్నం కూడా దాటకూడదు. తొమ్మిదిన్నరకు తాపా దగ్గర గేటులో అందర్నీ దించి తడిమారు. మలాయ్ కానిస్టేబుల్ మా కుర్చీని తలకిందులు చేసి, కాళ్ళు తట్టి, లోపల బియ్యం లేదని నమ్మకం కుదరక తనే ఎక్కి కూర్చున్నాడు. అది విరగలేదు. నా పనితనానికి అంతకన్నా మంచి పరీక్ష ఉండదు.

తర్వాత నర్సమ్మ మూటలో అరిసెలు బయటపడ్డాయి. ఓడ ప్రయాణమంటే అరిసెలు ఉండాలని వాళ్ళమ్మ అనేదట. అరిసె అంటే బియ్యప్పిండి. ఆ ముక్క మా ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది.

"ఆపా ఇని?" ఇదేమిటని కానిస్టేబుల్ అడిగాడు.

"నాసి కాదు లా ఎంచే, కుఇ" అన్నాను. అన్నం కాదు బాబూ, పిండివంట. 'లా' ఇక్కడ అందరి మాటకూ తోక.

అతను వాసన చూసి, ఆలోచించి, దాటనివ్వనన్నాడు. ఇక్కడే పారెయ్యమన్నాడు. నర్సమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "పారేయడానికి సేసినానా? గేటు మీదుగా ఎల్లకూడదంటే పొట్టలో ఎల్తాయి" అని బస్సులో వాళ్ళందరికీ పంచేసింది. చీనా కూరగాయల వ్యాపారి రెండు తిన్నాడు. కానిస్టేబుల్ ఇటూ అటూ చూసి ఒకటి తిన్నాడు. గేటు మీ దారిలో ఉంటే, పిండివంటలు ఇంట్లోనే తినేసి రండి.

తాపా నుంచి ఇంకో బస్సులో తెలుక్ ఆన్సన్‌కు మధ్యాహ్నం ఒంటిగంటకు చేరాం. అక్కడ గడియార స్తంభం ఒకటి పక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని చూస్తే మన నడుం నొప్పి నొప్పిలా అనిపించదు. ఓడ నదిలో పోటును బట్టి కదులుతుంది కాబట్టి ఒక రాత్రి ఆగక తప్పదు. జెట్టీకి దగ్గర్లో భోజనాల హోటలు పైన గది దొరికింది. పరుపు గట్టిది, సాంబారు పల్చనిది. రెండూ తిరగేసి ఉంటే బాగుండేది.

మర్నాడు ఎనిమిదింటికి జెట్టీలో టికెట్లు. చీనా గుమాస్తా మా మొహాలు చూసి, అడక్కుండానే కింది డెక్కు టికెట్లు చించబోయాడు. కింది డెక్కంటే కొబ్బరి మూటలు, కోళ్ళ గంపలు, వాటి మధ్య మనుషులు.

"ఆతాస్" అంది నర్సమ్మ. పైకి అని. మలాయ్‌లో ఆమెకు వచ్చిన పది మాటల్లో అదొకటి.

గుమాస్తా నా వైపు చూశాడు. "పైన ధర ఎక్కువ లా. ఇద్దరూ పైకేనా?"

"ముగ్గురం" అని కుర్చీ చూపించాను. నవ్వి, కుర్చీకి మాత్రం డబ్బు అడగలేదు.

తొమ్మిదింపావుకు ఓడ కదిలింది. చిన్న ఓడ. ఒకే పొగగొట్టం, దానికి దగ్గు. పై డెక్కు మీద గుడ్డ పందిరి, అయిదారు పేము కుర్చీలు. అన్నిటిలోనూ అప్పటికే మనుషులున్నారు. నర్సమ్మ తన కుర్చీ విప్పి రైలింగు దగ్గర వేసుకుంది. నేను పక్కన చాప పరిచాను. నది గోధుమరంగు, రెండు పక్కలా మడ చెట్లు. ఒంటిగంటకు బగాన్ దతో. కొబ్బరి తోటల ఊరు, మనవాళ్ళు బాగా ఉన్నారు. జెట్టీ మీద ఒకావిడ స్వచ్ఛమైన తెలుగులో ఎవరి ఏడు తరాలనో తిడుతోంది. ప్రాణం లేచొచ్చింది.

రెండింటికి నది నోరు దాటాం. ఎండ తెల్లగా పడింది. ఎదురుగా ఇంకేమీ లేదు, నీళ్ళే. నర్సమ్మ కుర్చీలోంచి ముందుకు వంగి రైలింగు పట్టుకుంది. వాంతి వస్తోందేమోనని నాకు భయం.

"ఏటే, బాగోలేదా?"

"ఇంతుందా?" అంది. "దీని మీదేనా నన్ను మోసుకొచ్చినారు? ఒక్కడైనా సెప్పలేదే."

సరిగ్గా అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కా, తెల్ల నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. మా ఎస్టేటు పెద్ద కిరాణి. ఆయనకూ అదే వారం సెలవని నా బుర్రకు తట్టనే లేదు.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. తలగుడ్డ కూడా చేతిలోకి వచ్చేసింది.

"ఎన్న అప్పన్నా" అన్నాడాయన. కోపమొస్తే ఆయనకు అరవం ముందొస్తుంది. "నీకు పై డెక్కు టికెట్టు ఎవరిచ్చారు?"

"చీనా గుమాస్తా అయ్యా. ఇవాళ కళ్ళజోడు మర్చిపోయినట్టున్నాడు."

ఎస్టేటులో ఈ రకం మాటకు ఆయన నవ్వేవాడు. నవ్వించి బతకడం నాకు అలవాటు. ఈసారి నవ్వలేదు. కూర్చునే ఉన్న నర్సమ్మ వైపు చూస్తున్నాడు.

"నీ పెళ్ళానికి మర్యాద తెలియదా?"

"మోకాళ్ళ నొప్పులయ్యా. లేస్తే పడిపోద్ది" అన్నాను గబగబా. మంచి సాకు దొరికిందని లోపల సంతోషించాను కూడా.

నర్సమ్మ తల తిప్పింది. "నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి కిరాణి గారూ. మా మావవే బాగోలేదు. ఎవుర్ని సూసినా లేసిపోతాయి."

పేము కుర్చీలో ఒక పెద్దమనిషి పేపరు దించాడు.

"టిక్కెట్టు కొన్నాను, కూకున్నాను. సముద్రం సూస్తన్నాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీరు కూసింత పక్కకెల్తే ఇంకా బాగా కనిపిస్తది."

ఆయన మొహం కందిపోయింది. "సరే. కొండ మీదకి రండి, మాట్లాడదాం. లైనులో ఇల్లు ఎవరిచ్చారో, ఫ్యాక్టరీలో పని ఎవరిచ్చారో అక్కడ గుర్తు చేస్తాను" అన్నాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు. తన హాజరు పుస్తకంలో పేరు కొట్టేస్తే మాకు ఇల్లూ లేదు, పనీ లేదు.

అంతలో ఆయన భార్య గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. ఓడ ఊగడం పడలేదు పాపం, ఆకుపచ్చగా ఉంది. మొగుణ్ణీ చూడలేదు, మర్యాదనూ చూడలేదు. నేరుగా వచ్చి నర్సమ్మ పక్కన మా చాప మీద కూలబడింది. "అక్కా, తల తిరుగుతోంది లా" అంది. నర్సమ్మ కొంగు ముడి విప్పి నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమంది.

పై డెక్కు మీద ఇంక నిలబడి ఉన్నది కిరాణిగారూ నేనూ.

"కూకో మావా" అంది నర్సమ్మ, నా వైపు చూడకుండానే.

కూర్చున్నాను. పెద్ద కిరాణి కళ్ళెదుట కూర్చోవడం నలభై రెండేళ్ళలో అదే మొదటిసారి. చేతిలో ఉన్న తలగుడ్డ మళ్ళీ తలకు చుట్టుకున్నాను. ఆయన కాసేపు రైలింగు పట్టుకుని నిలబడి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి పంగ్కోర్ దీవి దగ్గర ఆగాం. ఎండు చేపల వాసన ఓడకన్నా ముందు ఎదురొచ్చింది. తెల్లారి ఆరింటికి పినాంగు.

పినాంగులో అయిదు రోజులు. వాన లేదు, మబ్బు లేదు, చొక్కా అంటుకుపోయే వేడి. చూలియా వీధి పక్కన గది, పొద్దున్నే ఇడ్లీ. ఆ తర్వాత సముద్రం ఒడ్డున గోడ పక్కన నర్సమ్మ కుర్చీ. రెండో రోజుకు మోకాళ్ళు వదులయ్యాయి. నాలుగో రోజు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, నీళ్ళలో మోకాళ్ళ దాకా తనంతట తనే నడిచి వెళ్ళింది.

నాకు మాత్రం నిద్ర సరిగా లేదు. మూడో రోజే మంచి బిస్కెట్ల డబ్బా ఒకటి కొన్నాను, రేకు మీద గుర్రబ్బండి బొమ్మ ఉన్నది. ఒడ్డున నర్సమ్మ దాన్ని చూసింది.

"ఇదెవులికి?"

"కిరాణిగారికి. కొండెక్కాక ఇచ్చి, రెండు జోకులేసి, తప్పయిపోయిందని..."

"ఎవులు సేసినారు తప్పు?"

ఆమె డబ్బా తీసుకుని, చెంచా కాడతో మూత లేపి, ఒకటి తీసి కొరికింది. సముద్రం వైపు చూస్తూ నింపాదిగా నమిలింది. "తిను. బాగున్నాయి" అంది.

"ఇల్లు పోతే?"

"ఇల్లు కట్టేవోడివి నువ్వు. కట్టించుకునేదాన్ని నేను. ఆయనెవులు మద్దెన?"

ఆ డబ్బా కొండ దాకా రాలేదు. బిస్కెట్లు నిజంగానే బాగున్నాయి.

తిరుగు ప్రయాణం రైల్లో. పొద్దున్నే ఫెర్రీలో అవతలి గట్టున ఉన్న ప్రాయికి దాటి, ఎనిమిదింటి రైలెక్కితే మధ్యాహ్నానికి తాపా రోడ్డు స్టేషను. అక్కడ టాక్సీలో నలుగురు కలిస్తే తాపా చేరడం తేలిక. మూడింటి బస్సే కొండకు ఆఖరుది, సీట్లకు ముందే వెళ్ళండి. వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: స్వెట్టరు కొండ మీదే వదిలేయండి, నిమ్మకాయలు తీసుకెళ్ళండి. టికెట్టు గుమాస్తా కింది డెక్కు చించబోతే చెయ్యి పట్టుకోండి. కొంచెం ఎక్కువవుతుంది. కాని కింద కూర్చుని సముద్రం దాటినవాడు సముద్రం దాటినట్టు కాదని మా ఇంట్లో తేల్చేశారు.

కుర్చీ బస్సు పైన కట్టారు. మేం మధ్య వరసలో కూర్చున్నాం, నర్సమ్మ కిటికీ వైపు, నేను నడవా వైపు. కదలబోతుండగా పెద్ద కిరాణీ ఆయన భార్యా ఎక్కారు. ఒక చీనా ముసలావిడ పక్కన ఆవిడకు చోటు దొరికింది. కూర్చుంటూనే "ఏం అక్కా, నీళ్ళల్లోకి దిగావా?" అని నర్సమ్మను కేకేసి అడిగింది. ఆయనకు చోటు దొరకలేదు. వచ్చి సరిగ్గా నా పక్కనే పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

నా కాళ్ళు కదిలాయి. అబద్ధమెందుకు, సగం లేచాను కూడా. నర్సమ్మ ఆపలేదు, పట్టుకోలేదు, కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఏం చేస్తానో నాకే వదిలేసింది. అందుకే మళ్ళీ కూర్చున్నాను. ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను, నన్ను నేను పట్టుకున్నట్టు.

బస్సు వంపులెక్కింది. పది వంపులు అలాగే గడిచాయి. నాకు జోకులు నాలుగు తోచాయి, నాలుగూ మింగేశాను. చలి మొదలైంది, కిటికీల్లోంచి మబ్బు వచ్చింది. పదకొండో వంపులో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కిరాణిగారు తూలి నా భుజం పట్టుకున్నారు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

"అప్పన్నా" అన్నారు, ఎటో చూస్తూ. "కొంచెం జరుగు."

జరిగాను. లేవలేదు. ఇద్దరి సీటులో ముగ్గురం, రింగ్లెట్ దాకా.