ముత్తాత పిస్టల్‌కి సిల్వర్ పెయింట్

దొరవారిసత్రంలోని మా ఇంట్లో ముత్తాత కాలం నాటి పిస్టల్ ఒకటి ఉంది. పేలదు. పులికాట్ ఉప్పుగాలికి ఇనుము నిలవదని, మా నాన్న ఏటా ఆయుధపూజకు గేటుతో పాటు దానికీ సిల్వర్ పెయింట్ వేస్తారు.

ఈ రోజు దాన్ని చూడటానికి నెల్లూరు నుంచి ఖాదర్ గారు వచ్చారు. పాత వస్తువుల్లో ఏది అసలుదో చెప్పడంలో ఆయనకు మంచి పేరుంది. పెట్టె తెరవగానే ఆయన తల పట్టుకున్నారు.

"దీనికి పెయింట్ ఏసింది ఎవురు? చేసినప్పటి రంగు పోతే దీంట్లో ఇంకేం మిగల్దు."

నాన్న ముఖం వాడిపోయింది. "నేనేనయ్యా. మా నాయన అంత జాగ్రత్తగా దాచిందాన్ని నేనే చెడగొట్టినానా?"

ఖాదర్ గారు థిన్నర్‌లో ముంచిన దూదితో గొట్టం అడుగున మెల్లగా రుద్దారు. వెండిరంగు పొరలు పొరలుగా లేచింది. కింద ముదురు గోధుమ రంగు కనిపించింది. తుప్పు చుక్క కూడా లేదు.

"అసలు రంగే సామీ! మీ పెయింటే దీన్ని కాపాడింది. అట్టని ఇంక ఎయ్యబాకండి."

నాన్న అప్పుడు కూర్చున్నారు. అంతసేపూ నిలబడే ఉన్నారని నేనూ అప్పుడే గమనించాను.

పెట్టెలోని తూటాల అచ్చు కూడా అసలుదేనట. గొట్టంలో మందు కూరే కడ్డీ మాత్రం, ఎవరి గొడుగుదో, విరిగిన ఊచ! దానికి ఏటా భక్తిగా బొట్టు పెడుతున్నది నేను. ఈ దసరాకు మానేయమంటారా?