గడప దగ్గర ఆగిన బేరం

మా నాన్నకి తెనాలిలో బట్టల కొట్టు. బేరంలో ఆయనంటే రేపల్లె నుంచి బాపట్ల దాకా వ్యాపారులు ముందో నమస్కారం పెట్టి, ఆ తర్వాతే ధర చెప్పేవారు. ఆ విద్య నాకొక్కదానికే అబ్బింది. అన్నయ్యలిద్దరికీ మొహమాటం. నాకు ఆ జబ్బు లేదు.

పంతొమ్మిదివందల డెబ్భైల మొదట్లో నాన్న బేరం మరీ పదునెక్కింది. అవతలివాడు ధర చెబితే ఆయన మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. జవాబుకి ఎంతసేపు తీసుకునేవారంటే, ఆ మౌనం భరించలేక వ్యాపారే ఓ మెట్టు దిగేవాడు. గొంతూ బాగా తగ్గించారు. వినడానికి ముందుకు వంగినవాడు సగం లొంగినట్టే కదా. రేపల్లె వ్యాపారికి రాసే కార్డులో అక్షరాలు చీమలంత అయితే, ఒక్క కార్డులో రెండు కార్డుల సంగతి పట్టించారని మురిసిపోయాను. అద్దం ముందు నిలబడి ఆ కదలని మొహాన్ని నేనూ సాధన చేశాను. అమ్మ చూసి, పంటినొప్పి అనుకుని లవంగం ఇచ్చింది.

అమ్మ మాత్రం వేరే సంగతులు చెప్పేది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అరగంట పడుతోందనీ, నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం లేదనీ, ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు వణుకుతోందనీ. డాక్టరు దగ్గరికి వెళదామంటే నాన్న ఒప్పుకోలేదు. "బేరానికి పనికిరానని ఆయనొక్క మాటంటే, నన్ను కొట్లో బాలీసులాగా ఓ మూల పడేస్తారే," అన్నారు నాతో. ఆయన భయమంతా అదే. నేను ఆయన పక్షమే వహించాను. అంత తెలివైనదాన్ని.

ఓసారి అద్దాల బీరువా కోసం బాపట్లలో పాత సామాన్ల కొట్టుకి వెళ్లాం. బేరం సగంలో నాన్న లేచారు. అది మా ఇంటి పద్ధతి: విసురుగా లేచిపోవాలి, గడప దాటేలోపు వెనక్కి పిలిపించుకోవాలి. నాన్న గడప దాకా వెళ్లి ఆగారు. వ్యాపారి ధర తగ్గించాడు. నాన్న కదల్లేదు. ఇంకా తగ్గించాడు. ఊహూఁ. మూడోసారీ తగ్గించి, "బాబాయిగారూ, ఇంక నా వల్ల కాదండి," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా. నేను వెళ్లి, ఇంక చాలు, ఒప్పేసుకోండని చెవిలో చెప్పాను.

"బేరం కాదే. కాలు రావట్లేదు," అన్నారు నాన్న.

బీరువా మాకే వచ్చింది. చౌకగా కొన్న వస్తువుని చూసి సిగ్గుపడటం నాకదే మొదలు.

తెనాలి డాక్టరు నాన్న చేత రాయించి, నడిపించి చూసి, కంపవాతం అన్నాడు. మెదడులో వచ్చే జబ్బట. కదలని మొహం, తగ్గిన గొంతు, చీమల అక్షరాలు అన్నీ దాని పనేనట. నేను నేర్చుకోబోయిన విద్యంతా చీటీ మీద రోగలక్షణాలుగా రాశాడు. నయం కాదన్నాడు. మూడొంతులైనా తగ్గదా అన్నాను. పోనీ సగం? మాత్రలతో, కసరత్తుతో నెట్టుకురావచ్చన్నాడే గానీ ఒక్క మెట్టు దిగలేదు. నాన్న అడిగింది మాత్రం ఒక్కటే, బేరానికి పోవచ్చా అని.

"పోవచ్చండి. కాలు నేలకి అంటుకుపోతే ఎదురుగా ఏదన్నా అడ్డం పెట్టించుకుని దాటండి," అన్నాడాయన.

అప్పట్నుంచి అమ్మ మా గడపకి ఇవతల ముగ్గుతో అడ్డగీతలు వేసేది. మాత్ర పనిచేసే వేళకే బేరాలు పెట్టుకునేవాళ్లం.

మళ్లీ బాపట్ల వెళ్లాలని పట్టుబట్టింది నాన్నే. అదే కొట్టు, ఈసారి బల్ల. నాన్న లేచారు, గడప దగ్గర ఆగారు. వ్యాపారి ఈసారి చేతులు కట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు, మీ విద్య నాకు తెలుసులెండి అన్నట్టు. నేను గొడుగు తీసి నాన్న కాళ్ల ముందు అడ్డంగా పడుకోబెట్టాను. నాన్న దాన్ని చూసి, కాలెత్తి గొడుగు దాటారు. ఆ ఊపులోనే గడపా దాటి రోడ్డెక్కారు. మా ఇంట్లోవాళ్లు బేరం మధ్యలో నిజంగా వెళ్లిపోవడం నేనెన్నడూ చూడలేదు. వ్యాపారీ చూసి ఉండడు. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండి బాబాయిగారూ, మీ మాటే ఖాయం."

నాన్న ఆగలేదు. "వెనక్కి తిరగడం నాకు ఆలస్యం. బల్లని ఇక్కడికే తెమ్మను," అన్నారు.

ఆ గొంతు నాకొక్కదానికే వినపడింది. వీధంతా వినపడేట్టు ఆ మాట నేను చెప్పాను.