కుడికాలే ముందన్న బిందుమాధవి

రౌస్ హిల్ పేటలో ఉండే బిందుమాధవికి యూనివర్సిటీలో అది ఆఖరి ఏడాది. నాలుగేళ్లుగా మంచు ఆటల క్లబ్బులో పేరుండి ఒక్కసారీ కొండ మొహం చూడని మహాతల్లి. ఈసారి బయల్దేరింది. కొండ నెత్తిమీదికెక్కి స్నోబోర్డు బల్లమీద మంచులో జారుతూ దిగాలని ఆమె కోరిక.

క్లబ్బువాళ్లది ఒకటే షరతు. కింది చిన్న వాలు మీద ఒక్కసారైనా పడకుండా దిగినవాళ్లనే పైకి తీసుకెళ్తారు. ఉన్నవి రెండే రోజులు.

మొదటిరోజు పట్టీలతోనే సరిపోయింది. అద్దెకి తెచ్చిన బల్లకి ఒక్కో పాదం మీదా రెండేసి పట్టీలు. వాలు పైకి లాక్కెళ్లే లిఫ్టు ఎక్కాలంటే వెనక కాలు విప్పాలి, దిగాక మంచులో కూలబడి మళ్లీ బిగించాలి. బిందుమాధవి కాస్త బొద్దు మనిషి. వంగితే పొట్ట అడ్డం, లేస్తే బల్ల అడ్డం. ఆమె ఒక పట్టీ బిగించేలోగా మిగతావాళ్లు ఒక చుట్టు చుట్టి వచ్చేవాళ్లు. వచ్చి జాలిగా చూసేవాళ్లు. ఆ చూపులే ఆమెని చలికంటే ఎక్కువ కొరికాయి.

పక్క పేట ద పాండ్స్‌లో ఉండే రాయప్పగారి అబ్బాయి డేనీ క్లబ్బు సామాన్లు చూస్తాడు. ఆమెకంటే రెండేళ్లు చిన్న. ఆ సాయంత్రం తన బల్లకి కాళ్లని పట్టి ఉంచే బైండింగులు ఊడదీసి ఆమె బల్లకి పెట్టాడు. వాటికి పట్టీల పేచీ లేదు. వెనక పలక కిందికి వాల్చి, చెప్పులో కాలు దూర్చినట్టు బూటు దూర్చి, పలక లేపి మీట నొక్కితే సరి.

"అక్కా, ఏ కాలు ముందు?"

"అదేం ప్రశ్నరా? కుడికాలే. బల్ల అద్దెకిచ్చిన కొట్టువాడికీ అదే చెప్పాను. కొత్త పనికి ఎడమకాలు ముందు పెడితే మా నాయనమ్మ ఊరుకుంటుందా?"

"నాయనమ్మ స్నోబోర్డ్ చేస్తారా?"

"నోర్మూసుకుని బిగించు."

మర్నాడు కాలు దూర్చడం క్షణంలో పని. పడటంలో మాత్రం తేడా రాలేదు. మధ్యాహ్నానికి పదకొండుసార్లు పడింది. పై లిఫ్టు మూడున్నరకి మూస్తారు. రెండింటికి బల్ల విప్పి పక్కన పడేసి నిలబడింది. కళ్లలో నీళ్లు. కళ్లద్దాలకి ఆవిరి పట్టిందని బుకాయించింది.

డేనీ వెనకనుంచి మెల్లగా తోశాడు. తూలి ఒక అడుగు వేసింది.

"ఎందుకురా తోశావు?"

"ఏ కాలు పడిందో చూసుకో అక్కా."

మంచులో ముందున్నది ఎడమకాలు.

"నీ బాడీ లెఫ్ట్ అంటోంది. నువ్వేమో నాయనమ్మ అంటున్నావ్."

ఆమె బల్లని వాడివైపు తోసింది. వాడు స్క్రూలు విప్పి, ఎడమకాలు ముందుండేలా తిప్పి బిగించాడు. లిఫ్టు దగ్గర ముందుకాలు ఒక్కటే బల్లకి ఉండాలి. బిందుమాధవి ముందు కుడికాలు దూర్చి మీట నొక్కింది, తర్వాత ఎడమకాలు దూర్చింది, ఆ తర్వాత కుడికాలు బయటికి లాగేసింది.

"ఇదేంటక్కా?"

"మా ఇంటి పద్ధతి. మూడు క్షణాలు పట్టిందేమో, నీ సొమ్మేం పోయింది?"

ఈసారి పడలేదు. వంకరటింకరగా, చేతులు రెండూ చాపి, పళ్లు బిగబట్టి కిందిదాకా వచ్చింది. క్లబ్బుకి పెద్ద అయిన నోవా చేతి గడియారం చూసి, ఒక్కసారి దిగడానికే టైముందని, "ఓన్లీ వన్ రన్, బిందు" అన్నాడు. అప్పటికే ఆమె పై లిఫ్టు వైపు కుంటుతూ పోతోంది.

పైనుంచి దిగడానికి ముప్పావుగంట పట్టింది. నాలుగుసార్లు పడింది. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. డేనీ మాత్రం ఊరికొచ్చాక హారిస్ పార్క్ హోటల్లో దోసె తింటూ, ఆమె ఎదురుగానే, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ లెక్క చెప్పాడు.

"నాలుగేనా?" అన్నారెవరో.

"నాలుగే," అంది బిందుమాధవి, గర్వంగా.