రసమట్టం పడగొట్టిన గోడ

బడిలో కడుతున్న కొత్త గది గోడను తాపీ మేస్త్రి రసమట్టం సమ్మెటతో పడగొట్టిందన్న మాట నిజం. ఆ మాటకు వీధి అతికించిన తోకలు మాత్రం ఒక్కటీ నిజం కాదు.

సూపర్వైజరు తిట్టాడని కక్షకొద్దీ పడగొట్టిందన్నారు కొందరు. పాపం కళ్ళు పూర్తిగా పోయాయి, ఎక్కడ కొడుతోందో తెలియక కొట్టిందన్నారు ఇంకొందరు. సూపర్వైజరు ఇసుకలో మట్టి కలిపించాడనీ, అది సహించలేక ఆవిడ గోడ కూల్చిందనీ మూడో తోక పుట్టింది. ఇది మూల మీది కొట్టు పిన్ని తయారుచేసింది. ఆవిడ దేన్ని అమ్మినా కాస్త కొసరు వేసే అమ్ముతుంది. ఈ మూడోదే అందరికీ నచ్చింది, ఎందుకంటే ఇందులో రసమట్టం తప్పు లేదు. వీధికి ఆవిడంటే అంత ప్రేమ.

అసలు రసమట్టమంటే తాపీవాళ్ళు ఇటుకల వరస మీద పెట్టి చూసుకునే పనిముట్టు. అందులో చిన్న గాజు గొట్టం, గొట్టంలో ఒక బుడగ ఉంటాయి. బుడగ నడిమికొస్తే వరస సమంగా వచ్చినట్టు. ఈవిడకు ఆ బుడగ కంట్లోనే ఉందని ఎవరో అన్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. మిగతావాళ్ళు మూడు వరసలకోసారి దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీసి, గోడ నిలువుగా లేస్తోందో లేదో చూసుకుంటారు. ఈవిడ ఒక కన్ను మూసి చూస్తుంది, అంతే. పాతికేళ్ళలో ఒక్క గోడ తప్పలేదు.

అంతకుముందు పదకొండేళ్ళు తట్ట మోసింది. మొగుడు మేస్త్రి, ఆమె కూలి. ఒకనాటి మధ్యాహ్నం ఆయనకు నడుం పట్టేసి సిమెంటు బస్తాల పక్కన పడుకుంటే, ఆమె తట్ట దించి, పరంజా ఎక్కి, ఆయన వదిలేసిన తాపీ చేతిలోకి తీసుకుంది. సాయంత్రం ఆయన లేచి గోడవంక గుడ్లప్పగించి చూశాడు.

“నేనెక్కడిదాకా కట్టానే?”

“నువ్వే చెప్పవయ్యా, నీ గోడేగా!”

ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆమె కట్టిన ఏడు వరసలూ తనవే అన్నట్టు చూపించాడు.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు తన తాపీ పిడిని గాజుపెంకుతో గీకి గీకి, ఆమె పిడికిలికి పట్టేటంత సన్నం చేసి చేతిలో పెట్టాడు. ఇప్పుడాయన నడుం మరీ వంగక ఇంటి దగ్గరే ఉంటాడు, వంట ఆయనదే. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే “మేస్త్రిగారూ, కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను” అని ఆట పట్టిస్తాడు.

కిందటి నెల ఆమెకు చత్వారం వచ్చింది. కంటి ఆసుపత్రిలో చీటీ రాసేవాడు పని అన్నచోట అడక్కుండానే “గృహిణి” అని రాసేశాడు.

“కొట్టెయ్ నాయనా. తాపీ మేస్త్రి అని రాయి.”

“ఏదో ఒకటి లేమ్మా, చీటీయేగా!”

“చీటీయే. అందులో నా పేరు సరిగ్గా రాశావుగా? పని కూడా సరిగ్గా రాయి.”

వెనక వరసలో జనం సణుగుతున్నా ఆమె కదల్లేదు. అతను కొట్టేసి రాశాకే పక్కకు తప్పుకుంది.

కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి పనికి వెళ్ళినరోజునే వచ్చింది తంటా అంతా. అవి రెండు ముక్కల అద్దాలు. కింది ముక్క దగ్గరికి, పై ముక్క దూరానికి. గేటు దాటిందో లేదో సూపర్వైజరు అందరి ముందూ అనేశాడు.

“అక్కా, జోడొచ్చేసింది. ఇంక కంటిని నమ్ముకోకు, నువ్వూ గుండు వేలాడదీసుకో.”

పరంజా మీంచి పొడుగు మేస్త్రి కిసుక్కున నవ్వాడు. “ఏం రసమట్టం, బుడగ పగిలిందా?”

అంతే, పంతం పట్టింది. గుండును సంచి అడుగున కుక్కింది. దాని మీద సద్దిగిన్నె పెట్టింది. పొద్దు వాలేదాకా, ఎవరితోనూ మాట్లాడకుండా, వీధివైపు గోడ నిలువెత్తు లేపేసింది. ఆమె చిన్న కోడలు కింద తట్ట మోస్తూ ఒకటికి రెండుసార్లు తలెత్తి చూసింది గాని, అత్త ముఖం చూసి నోరు మెదపలేదు. ఆ పిల్ల రెండేళ్ళుగా అత్త దగ్గర పని నేర్చుకుంటోంది. వచ్చే గదికి చేతికి తాపీ ఇస్తానని సూపర్వైజరు మాటిచ్చి ఉన్నాడు.

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరే ముందుగా వచ్చారు గోడ తడపడానికి. నీళ్ళు చిమ్మి అద్దాలు మసకబారితే జోడు తీసి కొంగున తుడుస్తూ, ఆమె వట్టి కళ్ళతో గోడవైపు చూసింది. చేతిలో కొంగు అలాగే ఉండిపోయింది.

సంచిలోంచి గుండు తీసి వేలాడదీసింది. పైన దారం గోడను ఆనుకుని ఉంది. కింద గుండుకూ గోడకూ మధ్య రెండు వేళ్ళు దూరాయి. గోడ వీధివైపు తూలి ఉంది. ఆ రెండు ముక్కల అద్దాల్లోంచి చూస్తే గీత అతుకు దగ్గర వంగి కనిపిస్తుందని, అది వంపో తన అద్దమో తెలుసుకోవడానికి కళ్ళకు పది రోజులు పడుతుందని ఆసుపత్రిలో చెప్పారు. ఆమె వినలేదు.

“అత్తా, ఎవరూ చూడలేదు” అంది కోడలు మెల్లగా.

“నువ్వు చూశావుగా. నేర్చుకునేదానివి నువ్వే.”

సూపర్వైజరు వచ్చాడు, గుండు చూశాడు, తల గోక్కున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. “పడిపోయేదేం కాదక్కా. పూత వేసేటప్పుడు కాస్త మందంగా లాగించేద్దాం. ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉంటుంది. గుండు లోపల పెట్టెయ్, వాళ్ళొచ్చేస్తారు.”

“వాళ్ళు రావాలనే చూస్తున్నా.”

“నీ పేరు పోతుందక్కా! ఈ పిల్లకి తాపీ ఇస్తే మగాళ్ళు నన్ను బతకనిస్తారా? మీ అత్తే వంకరగా కట్టింది, నువ్వేం కడతావంటారు.”

ఆమె కోడలి వంక చూసింది. కోడలు తల దించుకుంది. గుండు లోపల పెడితే పిల్ల చేతికి తాపీ వస్తుంది. ఏ తాపీ? ఎలా కప్పిపుచ్చాలో నేర్పిన తాపీ.

ఆమె గుండు తియ్యలేదు. పనివాళ్ళంతా వచ్చేదాకా గోడ పక్కనే నిలబడింది. అందరూ చేరాక పొడుగు మేస్త్రిని పిలిచింది.

“ఇలా రా తమ్ముడూ. ఇక్కడ ఎన్ని వేళ్ళు తేడా ఉందో చూసి చెప్పు.”

అతను వేళ్ళు పెట్టి చూసి, ఇబ్బందిగా గొణిగాడు. “రెండు.”

“గట్టిగా చెప్పు. ఆ చివరి వాళ్ళకి వినపళ్ళేదు.”

“రెండు వేళ్ళక్కా!”

“విన్నారుగా?” అని కొంగు దోపి, సమ్మెట ఎత్తింది.

నిన్నటి గోడ, ఇటుకల మధ్య సిమెంటు మాలు ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగు దెబ్బలకు పైవరసలు కదిలాయి, పదో దెబ్బకు సగం కూలింది. గేటు బయటి నుంచి చూసినవాళ్ళకు సమ్మెట కనిపించింది గాని గుండు కనిపించలేదు. తోకలన్నీ అక్కడ పుట్టినవే.

కోడలు ఒక్కో ఇటుకా ఏరి, మాలు గీకి, కడిగి అందించింది. రెండున్నర రోజుల్లో గోడ మళ్ళీ లేచింది. ఈసారి రెండు వరసలకోసారి గుండు వేలాడింది. వేలాడిన ప్రతిసారీ పొడుగు మేస్త్రి చూస్తాడేమోనని ఆమె పక్కకు తప్పుకుని దారిచ్చింది. అతను ఒక్కసారి కూడా రాలేదు.

పైవారం మిగిలిన రెండు గదులకు సూపర్వైజరు పొడుగు మేస్త్రిని పెట్టుకున్నాడు. రసమట్టానికి కబురు రాలేదు. కోడలు ఆ పనిలోనే ఇంకా తట్టే మోస్తోంది. ఇంట్లో మొగుడు, “మేస్త్రిగారు సెలవులో ఉన్నారా?” అనబోయి, ఆమె తాపీ అంచు తుడుస్తున్న తీరు చూసి మాట మింగేశాడు.

మట్టి ఇసుక తోక బడి దాకా పాకింది. ఒక సాయంత్రం పెద్ద పంతులమ్మ స్వయంగా వీధిలోకి వచ్చింది. రసమట్టం అప్పుడు మూల కొట్టు ముందు బల్ల మీద నలుగురితో పాటు కూర్చుని ఉంది. కొట్టు పిన్ని గబగబా బయటికొచ్చి, రసమట్టం చెవిలో ఊదింది.

“ఇదే అదను. ఇసుకలో మట్టి ఉందని ఒక్క మాట అను. వాడి పని అయిపోతుంది, గదులు రెండూ నీకే వస్తాయి. వీధంతా నీ వెనకాలే ఉంది.”

పెద్ద పంతులమ్మ చుట్టూ తిప్పకుండా అడిగేసింది. “చూడమ్మా, నాకు నిజం కావాలి. ఆ సూపర్వైజరు సరుకు కల్తీ చేశాడా? అందుకేనా గోడ పడగొట్టావు?”

కొట్టు పిన్ని మోచేత్తో పొడిచింది. బల్ల మీదివాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. తల ఊపితే చాలు. రసమట్టం లేచి నిలబడి, కళ్ళజోడు సరిచేసుకుంది.

“ఇసుక శుభ్రంగా ఉందమ్మా, నేనే జల్లించాను. మాలు బాగుంది, ఇటుక బాగుంది, ఆ మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. గోడ కట్టింది నేనే, వంకర పోయింది నా చేతిలోనే, పడగొట్టింది నేనే, మళ్ళీ నిలబెట్టిందీ నేనే. పిన్నీ, నువ్వు కూడా ఇంక ఇలాగే చెప్పు, కొసరు వెయ్యకు. పంతులమ్మగారూ, రేపు పొద్దున్నే ఆ గోడకి మీరే గుండు వేలాడదీసి చూడండి. వెంట్రుకంత తేడా వచ్చినా నాకు కబురు పెట్టండి, సమ్మెట ఎక్కడ పెట్టానో నాకు గుర్తుంది.”