మినుము పీకిన చేలో వాలీబాల్ పోటీలు

మా నాన్నకు సొంతానికి సెంటు భూమి లేదు. రేపల్లె దగ్గర కాలువ గట్టును ఆనుకుని ఉన్న రెండెకరాల మాగాణి కౌలుకు చేసేవాడు. ఆసామి తెనాలిలో ఉండేవాడు. పండిన వడ్లన్నీ కౌలు కింద ఆయనకే పోయేవి. మరి మేం తినేదేమిటంటే, మినుము. వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తడి ఉండగానే, నిలబడి ఉన్న పైరులో మినుములు చల్లేవాళ్లం. కోతయ్యాక మోళ్ల మధ్య లేచి పెరిగే ఆ రెండో పంట కౌలుదారుది. మా వైపు అదే పద్ధతి. మా ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది దాని మీదే.

నాన్నకు వాలీబాల్ అంటే పిచ్చి. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పందేలకు ఆయన్ని బండి కట్టి తీసుకెళ్లేవారట. ఆ పిచ్చే మా కొంప ముంచింది.

డెబ్బైల మొదట్లో, నేను పదో తరగతిలో ఉండగా, మా ప్రాంతపు నాయకుడొకాయన అంతర్జాతీయ వాలీబాల్ పోటీలు పెడుతున్నానని ప్రకటించాడు. రెండు మూడు దేశాల జట్లు వస్తాయన్నారు. ఆ మహానుభావుడు జన్మలో బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, అదీ సంగతి. తెనాలి నుంచి బాపట్ల దాకా గోడల నిండా ఆయన బొమ్మే. ఆటగాళ్ల బొమ్మలు మూలన ఎక్కడో గోరంత. రైసు మిల్లుల వాళ్ల దగ్గర, దుగ్గిరాల పసుపు వ్యాపారుల దగ్గర చందాలు దండుకున్నారు. లెక్క అడిగే దమ్ము ఎవరికుంది?

ఒకరోజు ఆ నాయకుడు జీపులో మా చేను దగ్గరికి వచ్చాడు. పక్కనే మా ఆసామి. ఆయన నాయకుడికి స్వయానా బావమరిది.

"బాబాయ్, నీ ఆట గురించి మా నాన్న కథలు కథలుగా చెప్పేవాడు," అన్నాడు నాయకుడు నాన్న భుజం మీద చెయ్యేసి. "విదేశాల వాళ్లు వచ్చి నీ చేలో ఆడబోతున్నారు. మొదటి సర్వీసు నువ్వే కొట్టాలి."

"మినుము ఉందండి," అన్నాడు నాన్న.

"నష్టపరిహారం ఇప్పిస్తాలే. నాలుగు రోజుల ఆట. తర్వాత నీ చేను నీదే. దున్నడానికి ట్రాక్టరు రేపే పంపిస్తా."

నాన్న ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ఆసామి మాత్రం కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "పిందె పట్టిన పైరయ్యా. నీకు మతుందా?"

"ఊరుకోవే. మన చేలో ప్రపంచం ఆడుతుందే."

"ప్రపంచం ఆడి పోద్ది. మనం ఏం తినాలి?"

 పిందెల మీద ట్రాక్టరు తోలనివ్వడానికి మాత్రం నాన్నకు మనసు రాలేదు. వద్దని కబురు పెట్టి, తనే వంగి పీకడం మొదలుపెట్టాడు. అమ్మా నేనూ కూడా పీకాం. అమ్మ ఏడుస్తూనే పీకింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. తర్వాత నాన్న రోజుల తరబడి నీళ్లు చల్లి, ఇసుక పోసి, ఆ నల్లరేగడిని అరుగులా చదును చేశాడు.

పోటీల రోజున ఉతికిన పంచె, గంజి పెట్టిన చొక్కా వేసుకుని వెళ్లాడు. చేను చుట్టూ వేసిన కంచె దగ్గరే పోలీసులు ఆపేశారు. "మొదటి సర్వీసు నన్ను కొట్టమన్నారండి," అంటే నవ్వారు. లోపల నాయకుడు మెడలో దండలతో సర్వీసు కొట్టాడు. బంతి వల దాకా కూడా పోలేదు. చప్పట్లు మాత్రం మోగిపోయాయి. మేం కాలువ గట్టెక్కి చూశాం. వచ్చినవాళ్లు నిజంగానే గొప్పగా ఆడారు. నాన్న అవమానం మరిచిపోయి ఒక్కో షాటూ నాకు వివరించి చెప్పాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

ఆట ముగిసింది, కంచె మాత్రం తియ్యలేదు. పరిహారం ఊసే లేదు. కాలువకు నీళ్లొచ్చే రోజుల్లో నాన్న నన్ను వెంటబెట్టుకుని తెనాలి వెళ్లాడు. ఆసామి వరండాలో కాఫీ తాగుతున్నాడు.

"కంచె తీయిస్తే నారు పోసుకుంటానండి," అన్నాడు నాన్న.

"నువ్వు చేను వదిలేశావు కదయ్యా."

"నేనెప్పుడు వదిలానండి?"

"ట్రాక్టరు పంపుతామన్నా వద్దని, కాయబోయే పైరు నీ చేతులతో నువ్వే పీకేశావు. ఊరంతా చూసింది. మేం వెళ్లగొడితే తప్పు. నీ అంతట నువ్వు వదిలేస్తే మేమేం చేస్తాం?"

కౌలుదారును వెళ్లగొట్టకూడదనే చట్టం ఉండబట్టి అన్నాళ్లూ నాన్నను కదిలించడం వాళ్లకు చేతకాలేదు. అందుకు పరదేశపు ఆట కావాల్సి వచ్చింది. అక్కడినుంచి నాయకుడి ఇంటికి వెళ్తే, బాబాయ్ అని పిలిచిన ఆ మనిషి "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. ఎన్నికల్లో గెలిచాడు. మరుసటేడు ఆ ఆటస్థలంలో బావా బావమరుదుల రైసు మిల్లు లేచింది. ఇప్పటికీ టీవీలో ఏ దేశపు నాయకుడైనా కొత్త స్టేడియంలో కప్పు పట్టుకుని నవ్వుతుంటే, అది ఎవరి చేనో అనిపిస్తుంది.

మేం బాపట్లలో మా మేనమామ దగ్గరికి చేరాం. నల్లరేగడి దున్నిన నాన్న, అక్కడి ఇసుక నేలల్లో సరుగుడు చెట్లు నరికే కూలికి పోయేవాడు. ఒక సాయంత్రం నేను ఆయనకు మంచినీళ్లు తీసుకెళ్లాను. తోట పక్కన కాలేజీ కుర్రాళ్లు వాలీబాల్ ఆడుతున్నారు. వాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడు.

"బాబాయ్, కాసేపు వస్తావా?" అని పిలిచారు.

నాన్న గొడ్డలి కిందికి దించలేదు. "నాకు ఆట రాదు బాబూ," అన్నాడు.