ఆంటీ నడిపించిన కారు

పక్కింటి ఆంటీ ఇక లేరని కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. చలికాలం కొడుకు దగ్గర గడిపి వస్తానని వెళ్ళిన ఆవిడ అక్కడి ఆసుపత్రిలోనే కన్నుమూశారు. "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది అక్కా" అన్నాడు.

జార్జియాలోని మా ఊరు అల్ఫారెట్టాలో చాలామందికి ఆవిడ తెలుగు చర్చిలో పాటలు నేర్పిన మనిషిగా గుర్తు. పిల్లలకు లంగాలు కుట్టిపెట్టిన మనిషిగా ఇంకొందరికి గుర్తు. నాకు మాత్రం మెడలో టైలర్ టేపు వేసుకుని, గరాజ్‌లో హుడ్ ఎత్తిన కారు మీదకి వంగి ఉన్న మనిషే కళ్ళముందుకొస్తారు.

ఆ కారు అంకుల్‌ది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న చిన్న కారు. రిటైరయ్యాక దానికి పెద్ద ఇంజన్ బిగించడం మొదలుపెట్టారు. పని చివరికొచ్చే వేళకి గుండెపోటుతో పోయారు. కారు అమ్మేద్దామన్నాడు కొడుకు. ఆంటీ కాదనలేదు. ముందు అది నడవాలి, తర్వాత చూద్దాం అన్నారు. మిగిలిన పని ఒక వర్క్‌షాపులో చేయించి, ఒక వేసవి ఆదివారం దాంట్లోనే చర్చికి వచ్చారు.

పార్కింగ్‌లో ఆపగానే హుడ్ కింద నుంచి ఆవిరి లేచింది. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. ఎక్కువమంది చెప్పింది అమ్మేయమనే. ఆవిడ అందరి మాటా విని, కారుని లాక్కెళ్ళే టో ట్రక్కుకి ఫోన్ చేసి, ఆరాధనకి లోపలికి వెళ్ళారు.

తప్పు కూలెంట్ ఓవర్‌ఫ్లో ట్యాంకు దగ్గర జరిగింది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడికి రేడియేటర్‌లో పొంగి ఆ ట్యాంకులోకి వస్తుంది, చల్లారాక తిరిగి లోపలికి వెళ్తుంది. అది ఉండాల్సిన చోటుని కొత్త ఇంజన్ గొట్టాలు ఆక్రమించాయి. వర్క్‌షాపువాళ్ళు ఖాళీ కనిపించిన చోట, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ గొట్టం పక్కన దాన్ని బిగించేశారు. ఆ సెగకి ప్లాస్టిక్ మెత్తబడి చిల్లు పడింది.

మరుసటి శనివారం ఆంటీ నన్ను పిలిచారు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్ట కత్తిరించి ట్యాంకు ఆకారంలో ఒక నమూనా చేసి పెట్టుకున్నారు. ఏది కొయ్యాలన్నా ముందు అట్ట మీద చూసుకోవడం ఆవిడ అలవాటు. ఒకచోట పెడితే హుడ్ మూతపడలేదు. ఇంకోచోట తిరిగే ఇంజన్ బెల్టుకి తగిలేలా ఉంది. కింద, బంపర్ వెనకాల మాత్రం కావలసినంత చోటుంది. అక్కడైతే సెగ కూడా తగలదు కదా అన్నాను.

ఆవిడ అట్ట డబ్బాని బంపర్ వెనకనుంచి బయటికి తీశారు.

"అక్కడ పెడితే లోపల ఎంత ఉందో నాకు కనపడదమ్మా. మీ అంకుల్ ఛాతీలో నొప్పొస్తోందని నాకు చెప్పలేదు. రోజూ పక్కనే ఉన్నాను, తెలీలేదు. ఇదైనా కనపడే చోట ఉండనీ."

నేను టార్చి అందుకుని ఇంకో చోటు వెతికాను.

చివరికి రేడియేటర్ పక్కన, ముందు చక్రం మీది రేకు, ఫెండర్, లోపలివైపు, సన్నటి నిలువు ట్యాంకు పట్టే చోటు దొరికింది. కొత్త ట్యాంకు తెచ్చి అక్కడ బిగించాం. రేడియేటర్ నుంచి వచ్చే ట్యూబు ట్యాంకు అడుగుదాకా ఉండాలి, లేకపోతే చల్లారేటప్పుడు కూలెంట్ బదులు గాలి పీల్చుకుంటుందని పదే పదే టార్చి వేసి చూశారు. ఆ వారమంతా డ్రైవ్‌వేలో ఇంజన్ స్టార్ట్ చేసి, ఆపి, చల్లారేదాకా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ట్యాంకులో కూలెంట్ మట్టం పెరిగి, మళ్ళీ తగ్గేది. 'వెనక్కి వెళ్ళింది' అని నాకు మెసేజ్ పెట్టేవారు.

మా ఇంట్లో ఎవరైనా బానే ఉన్నానంటే ఇప్పుడు నేను ఇంకోసారి అడుగుతాను. అది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

ఆకులు రంగు మారే రోజుల్లో ఇద్దరం ఆ కారులో ఉత్తర జార్జియా కొండలకి వెళ్ళాం. ఎక్కుతున్నంతసేపూ ఆవిడ చూపు టెంపరేచర్ ముల్లు మీదే ఉంది. అది కదల్లేదు. పైన పులిహోర తిన్నాక తాళాలు నా చేతిలో పెట్టి, కారు చుట్టూ తిరిగి అవతలి తలుపు తీశారు. అంకుల్ నడిపిన రోజుల్లో ఆవిడ కూర్చునే సీటు అది. ఆయన పోయాక అందులో కూర్చోవడం అదే మొదటిసారి.

మలుపులు దిగుతుంటే ఆవిడ తల నిద్రలో నెమ్మదిగా పక్కకి వాలింది. దించిన అద్దం అంచు మీద అరచెయ్యి వెల్లకిలా ఉంది. వేళ్ళ మధ్య నుంచి గాలి పోతోంది. నేను బ్రేకు గట్టిగా పడకుండా, మెల్లగా దిగుతూ వచ్చాను.